దగ్గఱి పంటతో నడచు భోజనశాలలు – అందు రైతు పాలెంత?

పూర్వము బాటసారులు పూటకూళ్ళ యింట భుజించెడివారు. అచ్చటి బియ్యము, పప్పు, కూరలు, నెయ్యి చాలవరకు చుట్టుప్రక్కల పొలములనుండియే వచ్చెడివి. దూరమునుండి తెచ్చుటకు దారులు లేవు. తేవలసిన యక్కఱయు లేదు. నేడు పట్టణమున ఏ హోటలులో కూర్చున్నను బియ్యమొక చోటనుండియు, పప్పు మఱియొక రాష్ట్రమునుండియు, నూనె సముద్రము దాటియు వచ్చుచున్నవి. తినువానికి ఆ సంగతి తెలియదు; వడ్డించువానికి దానితో పనిలేదు. ఆ హోటలునకు రెండు క్రోసుల దూరమున పొలమున్న రైతు మాత్రము తన కందులను కొనువాడెవడా యని మార్కెట్టు యార్డులో ఎదురుచూచుచుండును.

ఇట్టి స్థితిలో ఇటీవల పట్టణములందు వేఱొక తీరు భోజనశాలలు బయలుదేరినవి. తాము చుట్టుప్రక్కల పండిన దానినే వండుదుమనియు, నేలకును నీటికిని చెఱుపు చేయని పద్ధతిని పండించిన దానినే కొందుమనియు అవి చెప్పుకొనుచున్నవి. కొఱ్ఱ అన్నము, రాగిసంకటి, సజ్జ రొట్టె, సామల ఉప్మా వాని పట్టికలందు కనబడుచున్నవి. హైదరాబాదు వీథులలో సాయంకాలమైనచో స్త్రీలు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేయుచుండగా ఉద్యోగులు కొనిపోవుట అందఱును చూచుచున్నదే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట ఈ తిండిపై పట్టణవాసులకు మక్కువ హెచ్చినది.

వీనివలన రైతునకు నిజముగా ఒరుగునదేమి? హోటలు పలకమీది మాటలను నమ్మి విత్తనము చల్లవచ్చునా? మన సంఘ సభ్యులు తెలిసికొనదగిన విషయమిది.

జహీరాబాదు మార్గము

ఇందుకు మనకు చేరువలోనే ఒక నిదర్శనము గలదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ 1983లో పని ప్రారంభించినది. ఆ ప్రాంతపు గ్రామములందు స్త్రీల సంఘములు ఏర్పడినవి. సభ్యురాండ్రలో హెచ్చుమంది దళితులు. ఒకటి రెండెకరముల వర్షాధారపు భూమి గలవారు. నేల సారము తక్కువ, బీడు హెచ్చు.

వారు మొదట చేసిన పని హోటలు పెట్టుట కాదు. మొదట బీళ్ళను దున్ని సాగులోనికి తెచ్చిరి. పిమ్మట పాత విత్తనములను వెదకి తెచ్చి, బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచి, గ్రామగ్రామమున విత్తనపు నిలువలు ఏర్పఱచిరి. ఒకే చేనిలో జొన్న, కంది, కొఱ్ఱ, సజ్జ, అనుములు మొదలగు పలు పంటలను కలిపి వేసి, ఒకటి పోయినను మఱియొకటి చేతికి వచ్చునట్లు చేసికొనిరి. 1990ల నడుమ, సాగునకై తీసికొన్న అప్పును ధాన్యరూపమున తీర్చి, ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, పేదలకు చవుక ధరకు ఇచ్చు ఏర్పాటును చేసిరి. ఏటేట పాత పంటల జాతర పేర విత్తనములతో అలంకరించిన బండ్లను ఊరూర త్రిప్పిరి.

చిరుధాన్యముల వంటకములను వడ్డించు కేఫ్ ఎథ్నిక్ అను ఫలహారశాల జహీరాబాదు పట్టణమున వెలసినది ఈ పునాదిమీదనే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

ఇందలి వరుసను మన సభ్యులు గమనింపవలెను. ముందు నేల, తరువాత విత్తనము, ఆపై ఇంటి తిండి, ఊరి నిలువ, ఫలహారశాల చివరిది. ఈ వరుసను తలక్రిందులు చేసి, హోటలువాడు అడిగినాడని పంట వేసినచో, వాడు మానినదినమున రైతు మునుగును.

పరదేశముల తీరు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ పట్టణమందు 1971లో ఆలిస్ వాటర్స్ అను స్త్రీ షే పనీస్ అను భోజనశాలను తెఱచెను. ఆమె పద్ధతి యేమనగా, వంటవాడు పట్టిక వ్రాసి దానికొఱకు సరకు తెప్పించుట కాదు. చుట్టుప్రక్కల తోటలనుండి ఆ నాడు ఏది వచ్చునో దానినిబట్టి ఆ నాటి పట్టికను వ్రాయుట. మంచి కాయ, మంచి ఆకు ఎవరు పండించుచున్నారో వెదకి వచ్చుటకే ఒక మనుష్యుని నియమించిరి. పంటకు వంట లోబడినది గాని వంటకు పంట లోబడలేదు.

ఇటలీ దేశమువారు ఇంకొక అడుగు ముందునకు వేసిరి. అచ్చట 1985నుండి చట్టము ప్రకారము సేద్యగాడు తన కమతమునందే అతిథులకు బసయు భోజనమును ఏర్పఱచి సొమ్ము పుచ్చుకొనవచ్చును. కాని సేద్యమే ముఖ్యవృత్తిగా నుండవలెను. వడ్డించు పదార్థములలో సొంత పంటకు తగిన పాలుండవలెను. అనగా, పండించిన చేయియే వడ్డించుచున్నది. నడుమ మఱియొకనికి పోవలసిన లాభము ఇంటనే నిలుచుచున్నది.

లెక్క చూచుకొందము

పొగడ్తలను ప్రక్కనుంచి ఒక లెక్క వేయుదము. దినమునకు నూఱుమంది భుజించు భోజనశాల యొకటి గలదనుకొందము. మనిషికి 80 గ్రాముల కొఱ్ఱబియ్యము చొప్పున దినమునకు 8 కిలోలు, సంవత్సరమునకు 2,920 కిలోలు, అనగా సుమారు 29 క్వింటాళ్ళు కావలెను. నూఱు కిలోల కొఱ్ఱలను దంచినచో బియ్యము 65 కిలోలు దిగుననుకొన్నచో, కావలసిన కొఱ్ఱలు 45 క్వింటాళ్ళు. వర్షాధారమున ఎకరమునకు 5 క్వింటాళ్ళు పండినచో దీనికి 9 ఎకరములు చాలును.

కందిపప్పు మనిషికి 40 గ్రాముల చొప్పున సంవత్సరమునకు 1,460 కిలోలు. నూటికి డెబ్బది వంతులు పప్పు దిగినచో 21 క్వింటాళ్ళ కందులు. ఎకరమునకు 3 క్వింటాళ్ళ లెక్కన 7 ఎకరములు. వెరసి 16 ఎకరములు. రాయలసీమ రైతులు కొఱ్ఱ ఐదు సాళ్ళకు కంది ఒక సాలు వేయు వాడుక గలదు గనుక, అట్లు కలిపి వేసినచో ఈ రెంటికి కొంత నేల కలిసియు వచ్చును.

నూఱుమంది తిను భోజనశాల పదునాఱు ఎకరములను మించి పోషింపలేదన్న మాట. ఒక గ్రామపు ఆయకట్టులో ఇది యొక మూల. కావున ఇట్టి హోటళ్ళు వచ్చినంతనే పల్లెలు బాగుపడునని చెప్పువారి మాటలను మేము ఒప్పుకొనజాలము. అట్లని దీనిని త్రోసిపుచ్చుటయు తగదు. 2024–25 ఖరీఫు పంటలకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగులకు చోటు గలదు గాని, కొఱ్ఱ, సామ, అరికలకు ప్రత్యేకముగా ధర లేదు. అట్టి పంటకు విత్తుటకు ముందే ధర నిర్ణయించి యేడాది పొడవున కొను ఖాతా ఒక్కటి దొరకినను, పదునాఱు ఎకరముల రైతులకు అది గట్టి ఊత. అట్టి ఖాతాలు పది గలిగినచో నూటయఱువది ఎకరములు. వసతిగృహములు, బడులు, ఆసుపత్రుల వంటశాలలు కూడ చేరినచో లెక్క మాఱును.

పొట్టులో పోవు సొమ్ము

జొన్న, సజ్జ, రాగులను నూర్చినంతనే గింజ వంటకు సిద్ధమగును. కొఱ్ఱ, సామ, అరిక, ఊదలు అట్లు కావు. వానిపై గట్టి పొట్టు గలదు. దానిని తీసినగాని బియ్యము కాదు. పూర్వము స్త్రీలు రోటను దంచియు, తిరుగలిని త్రిప్పియు ఆ పని చేసెడివారు. ఆ శ్రమ భరింపలేకయే పలు కుటుంబములు ఈ పంటలను మాని చౌకబియ్యమునకు అలవాటుపడినవి. నేడు రైతు పొట్టుతోనున్న గింజను అమ్ముచున్నాడు. దూరపు మిల్లుదారు బియ్యము చేసి అనేక రెట్లకు అమ్ముచున్నాడు. ఈ రెండు ధరలకును నడుమనున్న సొమ్మే మనము పోగొట్టుకొనుచున్నది.

ఇందు మనకు అనుకూలమైన సంగతి యొకటి గలదు. తవుడు పోకుండ దంచిన చిరుధాన్యపు బియ్యములో పుష్టి హెచ్చు. కాని తవుటిలో నూనె యుండుటచేత అది హెచ్చుకాలము నిలువయుండదు, ముక్కవాసన వేయును. సజ్జపిండి మఱియు త్వరగా చేదెక్కును. దూరపు వర్తకుడు నిలువకొఱకు బియ్యమును తెల్లగా మెఱుగుపెట్టక తప్పదు. దగ్గఱనున్న మనమో వారమునకు సరిపడునంత మాత్రమే దంచి తాజాగా అందింపగలము. తాజా సరకు కోరు వంటశాలకు, దగ్గఱగా నుండుటయే మన సరకులోని గుణము. దీనిని ధరలో అడిగి పుచ్చుకొనవలెను.

ఒంటరి రైతు ఏల నెగ్గడు?

వంటశాలకు ప్రతిదినమును 8 కిలోలు కావలెను; రాయి యుండరాదు, తేమ యుండరాదు, నిన్నటివలెనే నేడును ఉండవలెను. రైతునకు పంట ఏటికొకసారి వచ్చును. అప్పులవాడు కళ్ళములోనే నిలుచుండును. కావున గింజ యంతయు దళారి పాలగును. నాలుగు నెలలు గడచునప్పటికి వంటశాలకు సరకు కఱవై పట్టణపు గిడ్డంగినుండి ఎచ్చటి గింజయో తెచ్చుకొందురు. పలకమీద మాత్రము “మన ప్రాంతపు పంట” యని యట్లే యుండును. ఇందు మోసము ఒక్క హోటలువానిదే యనజాలము. నిలుకడగా అందింపలేని మన యేర్పాటు లోపమును గలదు.

చిన్న కమతములవారు ఒక్కటై మేలిసరకును నిలుకడగా అందింపగలరా యను సందేహమునకు అరకు గిరిజన రైతులే సమాధానము. వారు పరస్పర సహాయ సహకార సంఘముగా ఏర్పడి, పండిన పండ్లను మాత్రమే కోసి ఒకచోట చేర్చి కాఫీగింజలను సిద్ధము చేయుచు వచ్చిరి. 2017లో ఫ్రాన్సు రాజధాని పారిసునందు అరకు పేరనే కాఫీ అంగడి తెఱవబడెను. సముద్రముల కావలకు మేలిసరకు అందింపగలిగిన పని, పది క్రోసుల దూరపు పట్టణమునకు మనము చేయలేమా?

సంఘము చేయవలసినవి

మొదటిది, పంట వచ్చిన దినముననే సంఘము గింజను తన గిడ్డంగికి చేర్చుకొని, రైతునకు విలువలో ముప్పాతిక బయానాగా నీయవలెను. లేనిచో తక్కిన మాటలన్నియు వట్టివి.

రెండవది, రాళ్ళేఱు జల్లెడయు, పొట్టుతీయు చిన్న యంత్రమును సంఘమునకు సొంతముగా నుండవలెను. తవుడు, పొట్టు పశువులకు ఊరిలోనే మిగులును.

మూడవది, వంటశాలవారితో ఒప్పందము వ్రాతమూలకముగా, విత్తుటకు ముందే జరుగవలెను. ధర, తూకము, సొమ్ము చెల్లించు గడువు అందు స్పష్టముగా నుండవలెను. అరువు పదునైదు దినములు మించినచో సరకు నిలుపవలెను.

నాలుగవది, ఏ నెలలో ఏ కూర, ఏ పప్పు, ఏ ధాన్యము మనయొద్ద దొరకునో పట్టిక వ్రాసి వంటవారికి ముందుగా నీయవలెను. ఆషాఢమున లేనిదానిని వారడుగరు. ఉన్నదానిని వండుట నేర్చుకొందురు.

ఐదవది, రసాయనములు లేక పండించితిమని చెప్పువారు దానిని నిరూపింపవలెను. ఇరుగుపొరుగు రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి చేనిని మఱియొకరు పరిశీలించి పూచీపడు పద్ధతిని ప్రభుత్వము పీజీఎస్ పేర గుర్తించినది. ఒక్కరి మోసము జట్టునకంతటికిని చెఱుపు గనుక, ఇది సహకార ధర్మమునకు మిక్కిలి అనుగుణమైనది.

ఆఱవది, సంఘమే చిన్న భోజనశాల నేల తెఱవరాదు? మార్కెట్టు యార్డునకు వచ్చిన రైతులు ఉదయమునుండి ప్రొద్దుగ్రుంకువఱకు తూకమునకై వేచియుండి, బయటి హోటలులో మైదాపిండి పూరీలు తినుచున్నారు. అచ్చటనే ముప్పదిమందికి జొన్నరొట్టెయు పప్పును పెట్టుటతో ప్రారంభింపవచ్చును. పొదుపు సంఘముల స్త్రీలకు వంట కొత్తది కాదు. లెక్క కొత్తది కాదు. 1844లో ఇంగ్లండునందలి రోచ్‌డేల్ పనివారు సహకార అంగడిని తెఱచినప్పుడు అందున్నవి పిండి, వెన్న, పంచదార మొదలగు కొలది సరకులే. కల్తీలేని సరకును సరియైన తూకమున ఇచ్చుటయే వారి పేరును నిలిపినది.

ఒక హెచ్చరిక

పట్టణపు హోటళ్ళలో కొఱ్ఱ అన్నము ధనికుల పళ్ళెములోనికి పోవుచుండగా, దానిని పండించిన యింట మెఱుగుబియ్యమే ఉడుకుచున్నచో, ఆ వ్యాపారమును మేము మెచ్చుకొనము. రాగులలో నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు గలదు. బియ్యములో అందు ముప్పదవ వంతైనను లేదు. పెరుగు పిల్లలకును, బాలింతలకును అది మన యింటనే దక్కవలెను. ఇంటికి తగినంత తీసియుంచిన పిమ్మటనే సంఘము తూకము వేయునట్లు నియమము చేసికొనుట మంచిది.

తొలకరి రాకముందు జరుగు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఎవరెవరు ఎన్నెకరములు వేయుదురో, పట్టణమున ఏ వంటశాలవారు ఎంత కొందురో, గిడ్డంగిలో చోటెంత గలదో కాగితముపై వ్రాసికొని రండు. పదునాఱు ఎకరములతో మొదలిడినను తప్పులేదు. లెక్క సరిగా నుండిన చాలును.