మొదటి జీతం ఒక్కటే చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట వినిపించే మాటలు మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా ఒకటే. "మావాడికి ఎంపీసీలో మార్కులు బాగానే వచ్చాయి, సీఎస్ఈలో చేర్పిద్దామా?" "పాపను నర్సింగ్‌లో వేద్దామనుకుంటున్నాం, మీరేమంటారయ్యగారూ?" పాస్టరు గారిని, సండేస్కూలు టీచరును, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఊరికొచ్చిన అబ్బాయిని, కనిపించిన వారినల్లా అడుగుతారు. అడగడం మంచిదే. అయితే జవాబు చెప్పేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకే ఒక్క సంఖ్య: చేరగానే వచ్చే జీతం. ముప్పై ఎనిమిది, నలభై ఏళ్ల సంపాదన ఆ సంఖ్యలో కనిపించదు.

మన ప్రాంతానికి చదువు కొత్త కాదు. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో కళాశాల ప్రారంభించారు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది అక్కడే. ఆర్కాట్ మిషన్ వారి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం కూడా ఆ కాలం నాటివే. ఆ మిషన్ కుటుంబానికే చెందిన ఐడా స్కడ్డర్ వేలూరులో 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాలు కూలి డబ్బుల నుంచి మొదటిసారి నెలజీతానికి వచ్చింది టీచరు ఉద్యోగంతోనో, నర్సు ఉద్యోగంతోనో. అప్పట్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 1998లో మదనపల్లెలో మిట్స్, ఆ తరువాత కుప్పంలో వైద్య, ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి. 2008 తరువాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్ల పిల్లలు కూడా బీటెక్‌లో చేరారు. దారులు పెరిగాయి, వాటితోపాటు తప్పు దారిలో పడే అవకాశమూ పెరిగింది.

కోర్సును బట్టి సంపాదన నిజంగా అంత మారుతుందా? మారుతుంది. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అత్యధిక జీతం తెచ్చే డిగ్రీకీ అత్యల్ప జీతం తెచ్చే డిగ్రీకీ జీవితకాలంలో తేడా 34 లక్షల డాలర్లు. మొదటిది పెట్రోలియం ఇంజనీరింగ్, చివరిది చిన్నపిల్లల విద్య. డిగ్రీ ఉన్నవారికీ హైస్కూలుతో ఆగినవారికీ ఉన్న తేడా మాత్రం సుమారు 10 లక్షల డాలర్లే. అంటే డిగ్రీ చదివాడా లేదా అన్నదానికంటే ఏ డిగ్రీ చదివాడన్నదే పెద్ద తేడా తెస్తోంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. బాగా చదివే పిల్లలే ఇంజనీరింగ్‌కు, మెడిసిన్‌కు వెళతారు కదా, ఆ జీతం కోర్సు వల్ల వచ్చిందా, పిల్లవాడి తెలివి వల్ల వచ్చిందా? నార్వేలో పరిశోధకులు దీన్ని తేల్చడానికి ఒక మంచి ఉపాయం వాడారు. అక్కడా మన ఈఏపీసెట్ లాగే కటాఫ్ ఉంటుంది. కటాఫ్‌కు కొంచెం పైన ఉండి కోరిన కోర్సులో సీటు వచ్చినవారినీ, కొంచెం కింద ఉండి సీటు రాక రెండో కోరిక కోర్సులో చేరినవారినీ పోల్చారు. అరమార్కు తేడాలో తెలివి తేడా ఏముంటుంది? అయినా తరువాతి జీతాల్లో పెద్ద తేడా కనిపించింది. 2016లో అచ్చయిన ఆ పరిశోధన మరో మాట కూడా చెప్పింది: ఏ కళాశాల అన్నదానికంటే ఏ కోర్సు అన్నదే సంపాదనను ఎక్కువగా మార్చింది. నార్వే కళాశాలల మధ్య ఉన్న అంతరం కంటే మన కళాశాలల మధ్య అంతరం ఎక్కువ కాబట్టి ఆ మాటను ఇక్కడ మక్కికి మక్కీగా పట్టుకోలేం. కోర్సు వల్ల తేడా ఉందన్నంతవరకు మాత్రం నమ్మవచ్చు.

అయితే ఆ తేడా ఎల్లకాలం ఒకేలా ఉండదు. 2020లో డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే అనే ఆర్థికవేత్తలు అమెరికా లెక్కలు పరిశీలించి, కంప్యూటర్, ఇంజనీరింగ్ లాంటి చదువుల వారికి మొదట్లో ఉండే అదనపు రాబడి మొదటి పదేళ్లలోనే సగానికి పైగా తగ్గిపోతోందని చూపించారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆ ఉద్యోగాల్లో పనిముట్లు త్వరగా మారిపోతాయి. కళాశాలలో నేర్చుకున్నది పాతబడుతుంది, కొత్తది నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ప్రతి రెండు మూడేళ్లకూ కొత్త విషయం నేర్చుకునే ఓపిక ఉన్నవాడు నిలబడతాడు, లేనివాడి జీతం ఉన్నచోటే ఉంటుంది.

ఇంట్లో కాగితం మీద మీరే వేసుకోగల లెక్క ఒకటి చెబుతాను. ఇవి ఊహించిన అంకెలు. ఒకరు 22 ఏళ్ల వయసులో నెలకు 25,000తో చేరారు, జీతం ఏటా 4 శాతం పెరుగుతోంది. ఇంకొకరు అదే వయసులో 15,000తో చేరారు, ఏటా 7 శాతం పెరుగుతోంది. మొదట్లో రెండో వారి తల్లిదండ్రులకు చిన్నతనంగానే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు గడిచేసరికి, అంటే నలభయ్యో ఏట, ఇద్దరి జీతం దాదాపు 50,700 దగ్గర సమానమవుతుంది. అరవై నిండేముందు మొదటివారు నెలకు సుమారు 1,06,700 తీసుకుంటుంటే రెండోవారు 1,83,000 తీసుకుంటుంటారు. 38 ఏళ్ల మొత్తం కూడితే మొదటివారికి సుమారు 2 కోట్ల 58 లక్షలు, రెండోవారికి 3 కోట్ల 11 లక్షలు. ధరల పెరుగుదల తీసేస్తే ఈ తేడా తగ్గుతుంది. ముందుగా చేతికొచ్చిన రూపాయికి విలువ ఎక్కువన్నదీ నిజమే. అయినా ఏటా ఎంత పెరుగుతుంది, మధ్యలో ఆగకుండా ఎన్నేళ్లు వస్తుంది అనే రెండు ప్రశ్నలు మొదటి జీతం కంటే పెద్దవని ఈ లెక్క చూపిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. పెద్ద ఐటీ కంపెనీలు ఎక్కువమంది కొత్త ఇంజనీర్లకు ఇచ్చే జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు నుంచి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈలోపు బెంగళూరులో గది అద్దె ఎంత పెరిగిందో అక్కడున్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు. సీఎస్ఈ చెడ్డ కోర్సని కాదు. దానిలో పైస్థాయికి వెళ్లినవారి సంపాదన చాలా ఎక్కువ, కింద మిగిలినవారిది చాలా తక్కువ. సగటు చూసి చేరితే మనవాడు ఎటువైపు ఉంటాడో తెలియదు.

నర్సింగ్ ఇందుకు భిన్నం. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం చూస్తే బాధ కలుగుతుంది. కానీ ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసరు మూలవేతనమే 44,900, దానిపై భత్యాలు. విదేశాల్లోనూ అవకాశాలున్నాయి, అయితే జర్మనీ లాంటి చోట ముందు వారి భాష నేర్చుకోవాలి. ఇంటి దగ్గరే పని దొరకడం, పిల్లలు పుట్టాక రెండు మూడేళ్లు ఆగినా మళ్లీ చేరగలగడం ఆడపిల్లల విషయంలో చాలా విలువైనవి. బీటెక్ చదివి పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి, అయిదేళ్ల తరువాత తిరిగి చేరలేకపోయిన అమ్మాయిలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లు పోగొట్టుకున్నది ఆ అయిదేళ్ల జీతమే కాదు, ఆ తరువాతి పెరుగుదల అంతా. దీనికి కోర్సును మాత్రమే తప్పుపట్టలేం, పెళ్లిచూపుల్లో మనం ఒప్పుకునే షరతులకూ అందులో వాటా ఉంది.

టీచరు ఉద్యోగం కోరుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఎస్జీటీ కావాలంటే డీఈడీ చేయాలి. 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మూలవేతనం 32,670 నుంచి, స్కూల్ అసిస్టెంట్‌కు 44,570 నుంచి మొదలవుతుంది. జీతం నిలకడైనదే. కానీ డీఎస్సీ ఏటా రాదు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన ఏళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి, ఆ ఏళ్ల సంపాదన సున్నా లేదా ప్రైవేటు స్కూలు ఇచ్చే కొద్దిపాటి జీతం.

ఐటీఐ, పాలిటెక్నిక్ అంటే మనవాళ్లకు ఎందుకో చిన్నచూపు. రైల్వే అసిస్టెంట్ లోకోపైలట్ పోస్టుకు ఐటీఐతోనే అర్హత ఉంది, మూలవేతనం 19,900. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇటు చూస్తే 2022–23 కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వేలో దేశం మొత్తం మీద నిరుద్యోగం 3.2 శాతం ఉండగా, డిగ్రీ చదివినవారిలో 13.4 శాతం. పట్టా ఉంటే ఉద్యోగం దానంతటదే వస్తుందన్న రోజులు పోయాయి.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి. అసలు నిర్ణయం ఇంటర్ తరువాత కాదు, పదో తరగతి తరువాతే జరిగిపోతుంది. బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాలి, ఇంజనీరింగ్‌కు ఎంపీసీ కావాలి. జీఎన్ఎంకు ఏ గ్రూపైనా పనికొస్తుంది. పక్కింటి పిల్లవాడు చేరాడని గ్రూపు తీసుకుంటే రెండేళ్ల తరువాత సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి.

ధ్రువపత్రాల సంగతీ ముందే చూసుకోండి. క్రైస్తవ్యం స్వీకరించిన దళిత కుటుంబాలను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీలుగా గుర్తించదు. మన రాష్ట్రంలో వారు బీసీ–సీ కింద వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. ఈ అన్యాయం గురించి ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాం, 2023లో రాష్ట్ర శాసనసభ మార్పు కోరుతూ తీర్మానం కూడా చేసింది. ఉత్తర్వు మారేవరకు మాత్రం సీటు, ఫీజు లెక్కలు ఉన్న నిబంధనల మీదే వేసుకోవాలి. కౌన్సెలింగ్ రోజున పరుగులు పెడితే సీటు ఆగదు.

ఇక అప్పు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకునే ఉపమానం మనకు తెలిసిందే. నాలుగు లక్షల విద్యారుణం పది శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు తీసుకుంటే నెలవాయిదా సుమారు 5,300. జీతం 15,000 అయితే మూడోవంతుకు పైగా బ్యాంకుకే పోతుంది. అందుకే కళాశాల గోడమీద అంటించిన అత్యధిక ప్యాకేజీని కాకుండా, అదే బ్రాంచిలో మూడేళ్ల క్రితం బయటికొచ్చిన మధ్యరకం విద్యార్థులు నలుగురి ఫోన్ నంబర్లు సంపాదించి, ఇప్పుడు చేతికెంత వస్తోందని అడగండి. ఏటా ఎంత పెరిగిందనీ అడగండి. ఆప్షన్లు పెట్టడానికి కూర్చునే ముందు రెండు సాయంత్రాలు దీనికి కేటాయిస్తే చాలు.