బాబాయిగారి సరళీ వరుసలు

తెల్లవారుజామున 5.30కే భీమవరం గునుపూడిలో ఒక ఇంటి ముందుగదిలో లైటు వెలుగుతుంది. ఫోను స్టాండుకు తగిలించి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, టీచరుగారు డల్లాస్‌లో ఉన్న తొమ్మిదేళ్ల పిల్లకు జంట వరుసలు చెబుతుంటారు. అక్కడింకా ముందు రోజు సాయంత్రం 7. పిల్ల ఒక కాలు కుర్చీ మీద పెట్టుకుని పాడుతుంటే, "కాలు దించు తల్లీ" అని ఇక్కణ్నుంచి ఓ కేక. ఆమె ఒక వరుస పాడి ఆగుతారు. పిల్ల పాడి ఆగుతుంది. కలిసి పాడటం మాత్రం కుదరదు. గొంతు అంత దూరం వెళ్లి వచ్చేలోపు తాళం జారిపోతుంది.

6.30కి గుమ్మం ముందు మోపెడ్ ఆగుతుంది. దిగేది పిల్లాడు కాదు, 62 ఏళ్ల పెద్దమనిషి. ఉండి రోడ్డులో రొయ్యల చెరువులున్న రైతు. రాత్రంతా గట్టు మీద ఉండి, అట్నుంచి అటే వచ్చేస్తారు. చెప్పులు విడిచి, చాప మీద గోడవారగా కూర్చుని, కండువాతో మెడ తుడుచుకుని, "ఊఁ, కానివ్వండమ్మా" అంటారు. టీచరుగారిది ఆయన కూతురి వయసు. మొదటి రోజు గురువుగారికి దండం పెట్టబోతే ఆమె కంగారుపడి లేచి నిలబడ్డారట. పెద్దవాళ్ల చేత దండం పెట్టించుకోవడమేమిటని ఆమె, గురువుకు పెట్టకపోతే ఎలాగని ఆయన. చివరికి గోడ మీది సరస్వతి పటానికి ఇద్దరూ కలిసి పెట్టారు. ఆమె ఆయన్ను బాబాయిగారూ అంటారు. ఆయన ఆమెను అమ్మా అంటారు. ఆ పిలుపుల్తోనే ఎనిమిది నెలలుగా పాఠం సాగుతోంది.

పేరు రాయొద్దని ఆయన షరతు. "చెరువుల కాడ తెలిస్తే నవ్వుతారండీ బాబూ, రొయ్యల రేటు అడగడం మానేసి పాట పాడమంటారు." అందుకని ఈ కథనంలో ఆయన బాబాయిగారే. నా సంగతీ చెప్పేయాలి. ఈ కథనం కోసం నాలుగు రోజులు కూర్చుని చూద్దామని వెళ్లిన నేను, మూడో వారానికి ఫీజు కట్టాను. నాకు 51.

ఏ వయసువాళ్లొచ్చినా మొదటి పాఠం ఒక్కటే. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం, స రి గ మ ప ద ని స. ఈ వరుసలు కూర్చింది పురందరదాసు (1484–1564) అని సంప్రదాయం చెబుతుంది. డల్లాస్ పిల్లా అక్కణ్నుంచే వచ్చింది, బాబాయిగారూ అక్కణ్నుంచే వచ్చారు. పుస్తకాన్ని బట్టి పదో పద్నాలుగో సరళీ వరుసలు, ఆ తర్వాత జంటలు, దాట్లు, ఏడు తాళాల్లో ఏడు అలంకారాలు, ఆ పైన పిళ్లారి గీతాలు. ఒక్కో వరుసా మూడు కాలాల్లో రావాలి. మొదటి కాలంలో ఎవరైనా పాడతారు, రెండో కాలంలో ఊపిరి తెలుస్తుంది, మూడో కాలంలో మనిషి తెలుస్తాడు.

మొదలుపెట్టడానికి 72 మేళకర్తల్లో ఆ 15వ రాగమే ఎందుకని అడిగాను. టీచరుగారు హార్మోనియం మీద చూపించారు. స పక్కనే రి, మ పక్కనే గ, ఆ రెంటి మధ్య పెద్ద ఎడం. పై సగంలోనూ అంతే, ప పక్కనే ద, పై స పక్కనే ని. కింద సగం వచ్చిందంటే పై సగం కొలత కూడా వచ్చినట్టే. స్వరాన్ని పెద్దగా ఊపే పని లేకుండా తిన్నగా నిలబెట్టి పలకొచ్చు. కొత్తగా సైకిలు నేర్చుకునేవాడికి మలుపుల్లేని రోడ్డు చూపించినట్టు.

పిల్లలకీ పెద్దలకీ తేడా పాఠంలో లేదు, సిగ్గులో ఉంది. పిల్ల తప్పు పాడితే తప్పు పాడుతుంది, అంతే. పెద్దవాడు తప్పు పాడే ముందే దగ్గుతాడు. గొంతు బాగోలేదంటాడు, నిన్న పెళ్లిలో ఐస్‌క్రీం తిన్నానంటాడు. నేనైతే ఈ మూడూ ఒకే రోజు చేశాను. ఆరో తరగతిలో ఉండగా ప్రార్థన గీతం పాడే వరసలోంచి ఒక మేష్టారు నా చెవి పట్టుకుని, "నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నారు. నలభై ఏళ్లు పెదాలే కదిపాను. పెళ్లి మంగళహారతికీ, ధనుర్మాసంలో తిరుప్పావైకీ, చివరికి జనగణమనకీ. ఈ సంగతి చెబితే టీచరుగారు నవ్వలేదు. శ్రుతి పెట్టి, ఒకసారి సరిగ్గా, ఒకసారి కాస్త పక్కకు పాడి, "ఏది బాగుంది?" అన్నారు. మొదటిదన్నాను. "చెవి బానే ఉందండి. గొంతే ఇంకా చెవి మాట వినట్లేదు. వింటుంది" అన్నారు. స్వరాల తేడా బొత్తిగా తెలియని చెవి చాలా అరుదు. మనలో పాడలేమనుకునేవాళ్లు చాలామంది నేర్చుకోనివాళ్లే.

ఈ సిగ్గుకు సగం కారణం మన బాలమేధావుల కథలే. నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి, అక్కణ్నుంచి కాస్త వెళ్తే శంకరగుప్తం. 1930 జులై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన ఊరు. తల్లి వీణ, తండ్రి వేణువు. ఎనిమిదో ఏటికే కచేరీ. గోదావరి ఆవల ఉన్న కాకినాడలో చిట్టిబాబు అయిదో ఏట వీణ పట్టారు. ఈ కథలు చెప్పి చెప్పి, అయిదేళ్లు దాటితే సంగీతం గడువు తీరిపోయినట్టు చేశాం. బాలమురళి కథలో నాకు వయసు కంటే పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన గురువు త్యాగరాజస్వామి. తిరువయ్యారు నుంచి శంకరగుప్తం కుర్రాడి దాకా నాలుగే నాలుగు చాపల దూరం. ప్రతి చాప మీదా ఒకరెదురుగా ఒకరు కూర్చుని, పక్కవాడి తప్పు వినిపించేంత దగ్గరగా పాడారు.

ఆ దగ్గరతనం కోసం ఒకప్పుడు ఎంత పడ్డారో! ఘంటసాల విజయనగరం వెళ్లి, జోలె పట్టి మధూకరం ఎత్తి తింటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు జోలె అక్కర్లేదు, నెల ఫీజు ఫోన్లో పంపొచ్చు. గురువు ఎదురుగా కూర్చునే ఆ అరగంట మాత్రం ఎవరికి వాళ్లు తీరిక చేసుకోవాల్సిందే.

పెద్దయ్యాక డబ్బిచ్చి పాట నేర్చుకోవడం మన డెల్టాకు కొత్తేం కాదు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతిశాస్త్రి 1872లో పుట్టింది భీమవరం పక్కనున్న యండగండిలో. ఆ జంటకవుల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాల కోసం ఎన్ని ఊళ్లలో ఎందరు కరణాలు, మోతుబరులు హార్మోనిస్టును ఇంటికి పిలిపించుకుని రాత్రిళ్లు రాగాలు తీశారో లెక్కలేదు. ముప్పై, నలభై ఏళ్లొచ్చాకే వాళ్లు కృష్ణుడి వేషానికి గొంతు సవరించుకున్నారు. సరళీ వరుస తెలియదు, మోహన ఎక్కడ ఎత్తుకోవాలో తెలుసు. స్టేజీ మీద ఒన్స్‌మోర్ పడితే ఆ హార్మోనిస్టు ఫీజు గిట్టుబాటయినట్టే. బాబాయిగారి తండ్రి అలాంటి కృష్ణుడేనట. "మా నాన్న పద్యం అందుకుంటే గట్టు అవతల గేదెలు తలెత్తేవండి" అన్నారు. ఆయన సంగీతానికి రావడానికి కారణం అదేనా అనడిగితే జవాబు చెప్పలేదు. కండువా మడత పెట్టుకున్నారు.

ఆ తర్వాత పాఠం పిల్లల వైపు మళ్లింది. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక తల్లిదండ్రులకు హడావుడి పట్టుకుంది. మూడు నెలల్లో పాట కావాలి, అది స్టేజీ మీద పాడే పాట కావాలి. ఆ కార్యక్రమం నడిపిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తాను శాస్త్రీయంగా నేర్చుకోలేదని ఎన్నో వేదికల మీద చెప్పుకున్నారు. మన అమ్మానాన్నలు ఆ మాటే విని, బాలూకి అక్కర్లేనిది మనవాడికెందుకన్నారు. వరుసలు దాటేసి నేరుగా కీర్తనలోకో సినిమా పాటలోకో దింపే టీచర్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పిల్లాడు ఆ ఒక్క పాట అచ్చం అలాగే పాడతాడు, రెండో పాట మళ్లీ మొదటినుంచి. నన్నడిగితే టీచరును ఎంచుకోవడానికి మొదటి గుర్తు ఇది. ఆమె పాడటం విని మురిసిపోవద్దు. మీరు పాడుతున్నప్పుడు ఆమె ఏం చేస్తున్నారో చూడండి. ఫోను చూస్తున్నారా, మీ గొంతు వింటున్నారా? పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి పాడించే క్లాసులో నాలాంటివాడు మళ్లీ పెదాలే కదుపుతాడు.

రెండోది, శ్రుతి ఎవరిది వాళ్లకు పెట్టాలి. హార్మోనియం మీద తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు. నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర... అలా. మామూలుగా ఆడవాళ్లది అయిదూ అయిదున్నర, మగవాళ్లది ఒకటీ ఒకటిన్నర. పిల్లలది ఇంకొంచెం పైనే ఉండొచ్చు. ఆడవాళ్లకు యాభై దాటాక గొంతు కాస్త కిందికి దిగడం మామూలే. పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లాడి గొంతు మారుతున్నప్పుడు బలవంతంగా పైస్థాయి పాడించడం పాపం. ఆ రోజుల్లో వయొలినో మృదంగమో చేతికిచ్చేవాళ్లు తెలివైనవాళ్లు. బాబాయిగారు వచ్చిన కొత్తలో ఎక్కడో చదివి రెండు శ్రుతిలో పాడతానని పట్టుబట్టి, పై షడ్జం దగ్గర దగ్గి దగ్గి, నెల తర్వాత ఒకటికి దిగారు. "రేటు పడిపోయిందండి" అన్నారు.

వాయిద్యం కావాలంటే అది ఇంకో లోకం. వీణకు 24 మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు. తీగ కింద వేలి చర్మం మొదటి నెల మండుతుంది, తర్వాత కాయ కాస్తుంది, తర్వాత గుర్తే ఉండదు. మెట్లు నిలిచేది మైనం మీద. మన మే నెల ఎండకు మైనం మెత్తబడి మెట్టు కదిలితే స్వరం కదులుతుంది, మళ్లీ మేళం కట్టించాలి. బొబ్బిలిలోనో నూజివీడులోనో చేసిన పనస కర్ర వీణ కొని మూల నిలబెట్టిన ఇళ్లు మన ఊళ్లోనూ ఉన్నాయి. కర్ర మంచిదే. దాని ముందు కూర్చునేవాళ్లే కరువు. ముందు ఆరు నెలలు గొంతుతో పాడి, తర్వాత తీగ ముట్టుకోమంటారు మా టీచరుగారు. మనసులో పలకని స్వరం వేలి కింద పలకదట.

ఆ ముందుగదిలో అందరికంటే బాగా నేర్చుకుంటున్నది ఫీజు కట్టేవాళ్లు కాదేమోనని నా అనుమానం. సాయంత్రం పిల్లల క్లాసులో గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో అమ్మలు కూర్చుంటారు. ఒకావిడ పెసరకాయలు ఒలుస్తూ ఉంటుంది. పిల్లాడు అలంకారంలో తాళం తప్పితే ఆవిడ చేతిలో గింజ ఆగుతుంది, తలెత్తకుండానే. జపాన్‌లో షినిచి సుజుకీ వయొలిన్ నేర్పే పద్ధతిలో పిల్లతో పాటు తల్లిదండ్రులూ క్లాసులో కూర్చుంటారు, మొదటి పాఠాలు ముందు తల్లికే నేర్పిస్తారు. ఇక్కడ ఎవరూ నేర్పకుండానే ఆ పని జరిగిపోతోంది. "మీరూ కూర్చోండి వదినగారూ" అని టీచరుగారు ఎన్నిసార్లన్నా ఆవిడ "అబ్బే, మాకెందుకండీ" అంటుంది. 2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షా అరవై వేలమంది కలిసి అన్నమయ్య కీర్తనలు పాడారు. సిలికానాంధ్ర పెట్టిన ఆ లక్షగళార్చనలో కచేరీ విద్వాంసులెందరు, "మాకెందుకండీ" అనేవాళ్లెందరు? ఆ రోజు పాడిన గొంతులన్నీ ఎక్కడికి పోయాయోనని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సంక్రాంతి వెళ్లాక ఊరు మావుళ్లమ్మ ఉత్సవాల హోరులో ఉంటుంది. ఆ చలికాలంలోనే పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. పంచరత్నాలు నేర్చినవాళ్లంతా ముందు వరసలో, బాబాయిగారూ నేనూ గోడవారగా. నాట, గౌళ, ఆరభి అయ్యాక వరాళి వచ్చింది. గురువు ఎదురుగా కూర్చోబెట్టి వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని పాతకాలం నమ్మకం. విని నేర్చుకోవాల్సిందేనట. బాబాయిగారు ఈ సంగతి విని తెగ సంతోషపడ్డారు. "అయితే అది మనకు నేర్పలేదని బాధ లేదన్నమాట" అని నా చెవిలో అన్నారు. మిగతా నాలుగూ నేర్పారా అని నేనడగలేదు.

మొన్న క్లాసు నుంచి ఇద్దరం కలిసి బయటికొచ్చాం. బాబాయిగారి మోపెడ్ వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద పెట్టి ఉంది. ఆయన తాళం చెవి పెట్టి తిప్పకుండా అలాగే నిలబడ్డారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనేది దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర. హార్మోనియం మీద వెతికితే అది అయిదో తెల్లమెట్టుకు రవ్వంత పైన పడుతుంది. ఒకటి శ్రుతిలో పాడేవాడికి అయిదో మెట్టంటే పంచమం. ఈ లెక్కలేవీ బాబాయిగారికి తెలియవు. ఆయన తల కాస్త పక్కకు వంచి, పెదాలు బిగించి, గొంతులోనే సన్నగా ఏదో పలికి చూసుకున్నారు. చెరువు కాణ్నుంచి ఫోను మోగుతోంది, తీయలేదు.

"ఇది మన పంచమమేనండి" అన్నారు. "కాకపోతే కాస్త ఎక్కువ పలుకుతున్నాడు."