వాస్తుశిల్ప వృత్తి – స్త్రీవాద దృక్పథం

కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మానవుని ముఖ్యావసరాలను మూడు మాటలలో చెప్పినారు. కూడు వండేది స్త్రీ. మన జిల్లాకు పేరు తెచ్చిన పొందూరు ఖద్దరుకు నూలు వడికేది స్త్రీ. గూటిని అలికి, దిద్ది, తీర్చేదీ స్త్రీయే. అయినప్పటికీ ఆ గూడు ఎట్లుండవలెనో కాగితంపై గీసి నిర్ణయించే వృత్తిలో ఆమెకు చోటు దొరకడానికి చాలకాలం పట్టింది. చోటు దొరికిన తరువాత నిలదొక్కుకొనడానికి ఆమె నేటికీ శ్రమపడుతున్నది. ఇందుకు కారణాలేమిటి, మార్గాలేమిటి అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకొనవలె. వాస్తుశిల్పమనగానే కొందరికి దిక్కులు, ద్వారాలు, శకునాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఆ అర్థం కాదు. ఆర్కిటెక్చరు అనే ఆధునిక వృత్తి అని అర్థం. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఈ వృత్తికి విద్యార్హతలను, నమోదును ఏర్పరచింది. ఇక స్త్రీవాదమంటే పురుషద్వేషం కాదు. ఒక పనిలో నిర్ణయించేది ఎవరు, మోసేది ఎవరు, పేరు పొందేది ఎవరు, లెక్కకు రాకుండా పోయేది ఎవరి శ్రమ అని అడిగే చూపు అది. ఈ నాలుగు ప్రశ్నలను కట్టడాల ముందు నిలబెట్టి చూద్దాం.

మన తీరంలోని ఇల్లు

తుపాను గాలులకు తట్టుకొనడానికి ఉత్తరాంధ్ర తీరంలో మన పూర్వులు చుట్టిళ్లు కట్టుకొన్నారు. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖువువలె లేచిన తాటాకు కప్పు, నేలకు దగ్గరగా వంగిన చూరు వాటి లక్షణాలు. మూలలు లేనందువలన గాలి గోడను నిలువునా ఢీకొనక చుట్టు తిరిగి పోతుంది. మట్టిగోడ మందం వలన వేసవిలో లోపల చల్లగా ఉంటుంది. ఈ ఇంటిని ఏ ఆర్కిటెక్టూ గీయలేదు. గోడకు మట్టి మెత్తడం, పేడతో అలకడం, వానకు కరిగినచోట తిరిగి పూయడం అనాదిగా స్త్రీల పని. ఏ పక్క వానజల్లు కొడుతుందో, ఎక్కడ చెమ్మ పడుతుందో, పొయ్యి ఎక్కడ ఉంటే పొగ నిలవదో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అది వ్రాతలోనికి ఎక్కని శాస్త్రం.

ఇప్పుడు చుట్టిళ్లు అరుదైనవి; పక్కా ఇళ్లు వచ్చినవి. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చినప్పుడు, గట్టి ఇల్లు ఎంత అవసరమో అందరికీ అర్థమైనది. ప్రభుత్వ పథకాలలో ఇంటి పట్టాను స్త్రీ పేరున ఇవ్వడం కూడ మెచ్చదగిన మార్పు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో పంచిన ఇళ్లస్థలాల పట్టాలను స్త్రీల పేరుననే ఇచ్చినారు. కాని పట్టాపై పేరు ఆమెది. ప్లాను మాత్రం ఆమెను అడగకుండ ఎక్కడో గీసినది.

మన సంతబొమ్మాళి మండలాన్నే తీసుకొందాం. భావనపాడు తీరాన చేపలు ఎండబెట్టే స్త్రీకి ఎండ తగిలే, కుక్కలు చేరని మిద్దెగాని వాకిలిగాని కావలె. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసి వచ్చే స్త్రీకి గుమ్మం దగ్గరే కాళ్లు చేతులు కడుగుకొనే నీటి వసతి కావలె. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. మంచం పట్టిన మనిషికి సేవ చేసేది ఎక్కువగా భార్యయో, తల్లియో, కోడలో. ఆ ఇంటిలో రోగి పడకకు గాలి, వెలుతురు ఉండవలె. మరుగుదొడ్డి నాలుగడుగుల దూరంలో, మెట్టు లేకుండ ఉండవలె. ఒకే మూసలో పోసిన ప్లాను ఈ మూడు ఇళ్లకూ ఎట్లు సరిపోతుంది? గీసినవారికి దురుద్దేశం లేదు. వారికి ఈ పనులు చేసిన అనుభవం లేదు. చేసినవారిని అడిగే అలవాటు వృత్తిలో లేదు.

బల్ల దగ్గరకు వచ్చిన స్త్రీలు

పారిస్ నగరంలోని ప్రసిద్ధ కళాశాల ఎకోల్ దె బోజార్ స్త్రీలను 1897 వరకు చేర్చుకొననేలేదు. అమెరికాకు చెందిన జూలియా మోర్గన్ 1902లో అక్కడ వాస్తుశిల్పంలో యోగ్యతాపత్రం పొందిన మొదటి మహిళ. మన దేశంలో పెరిన్ మిస్త్రీ 1936లో బొంబాయి జె.జె. కళాశాలలో ఈ విద్యను పూర్తిచేసి మార్గదర్శకురాలైనారు. చండీగఢ్ నగర నిర్మాణంలో పాల్గొన్న ఊర్మిళా యూలీ చౌధురి ఆ తరువాత హర్యానా, పంజాబు రాష్ట్రాలకు ప్రధాన ఆర్కిటెక్టుగా పనిచేసినారు. మద్రాసులో 1979లో షీలా శ్రీప్రకాశ్ స్వంత సంస్థను స్థాపించినారు. ఆమె కూచిపూడి నర్తకి కూడ.

నిర్మాణరంగానికి సోదరవృత్తియైన ఇంజనీరింగులో మన తెలుగు ఆడపడుచు కథ మరింత బోధప్రదం. అయ్యలసోమయాజుల లలిత 1919లో జన్మించినారు. పదునెనిమిదేండ్లకే భర్తను కోల్పోయి, చేతిలో నెలల బిడ్డతో మిగిలినారు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహంతో అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరైనారు. పట్టా పత్రంపై “అతడు” అని అచ్చయి ఉన్న మాటను కొట్టివేసి “ఆమె” అని చేతితో వ్రాసి ఇచ్చినారట! తరువాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ సంస్థలో చేరి, భాక్రా నంగల్ విద్యుత్ ప్రసార మార్గాల రూపకల్పనలో పాల్గొన్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు హాజరైనారు.

ఈ కథను ధైర్యానికి ఉదాహరణగా చెప్పి ముగించడం పరిపాటి. కాని అందులో మరొక పాఠమున్నది. ఆ కళాశాలలో ఆమె ఒంటరిగా లేరు. లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా అనే ఇద్దరు యువతులు కూడ సివిల్ ఇంజనీరింగులో చేరినారు. థ్రేసియా తరువాత కేరళలో చీఫ్ ఇంజనీరు పదవినందుకొన్నారు. చదువు నడిచిన సంవత్సరాలలో లలిత బిడ్డను కుటుంబంవారు చూచుకొన్నారు. అంటే తండ్రి అండ, తోడు విద్యార్థినులు, బిడ్డను చూచే మనుష్యులు, ద్వారం తెరచిన కళాశాల – ఇవన్నీ కలిసిననాడే ఆమె ప్రతిభ ఫలించింది. ఇవి అదృష్టవశాన ఒకరికి దొరకడం కాక, నియమంగా అందరికీ దొరకవలె. స్త్రీవాద దృక్పథం కోరేది ఇదే.

కార్యాలయం, నిర్మాణస్థలం

మొదటిది కాలం. పారిస్ కళాశాలలో గడువు నాడు విద్యార్థుల చిత్రపటాలను సేకరించడానికి ఒక తోపుడు బండి వచ్చేదట. బండి కదిలిపోతున్నా దాని వెంటబడి చివరి గీతలు గీసేవారట. ఆ బండికి ఫ్రెంచి పేరు “షారెత్”. నేటికీ ఆర్కిటెక్చరు విద్యార్థులు గడువుకు ముందు చేసే తెగబడిన పనికి ఆ పేరే నిలిచింది. రాత్రులు మేలుకొనడం పట్టుదలకు గుర్తుగా, సాయంకాలం ఇంటికి పోవడం నిర్లక్ష్యానికి గుర్తుగా వృత్తిలో స్థిరపడినది. ఇంటివద్ద వంట, బిడ్డ, ముసలి తలిదండ్రుల సేవ ఎవరి భుజాలపై ఉన్నవో వారే ఈ పందెంలో వెనుకబడతారు. చీకటిపడిన తరువాత బస్సు దొరకని పల్లెటూరి పిల్ల, రాత్రి బయట ఉండడానికి ఇంటివారు ఒప్పుకొనని ముస్లిం కుటుంబపు పిల్ల, జీతం లేని శిక్షణ భరించలేని పేద ఇంటి కుర్రవాడు – వీరందరూ ఆ పందెంలోనే రాలిపోతారు. కాబట్టి ఇది స్త్రీలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

రెండవది పనిస్థలం. తట్ట మోసేది స్త్రీ, తాపీ పట్టేది పురుషుడు అన్న విభజన మన కండ్ల ఎదుటనే ఉన్నది. కూలిలో తేడా ఆ విభజన నుండే పుడుతున్నది. నిర్మాణ కార్మికుల కొరకు 1996లో వచ్చిన చట్టం మరుగుదొడ్లను, ఏబది మందికి మించి స్త్రీలు పనిచేసేచోట పసిపిల్లల శాలను తప్పనిసరి చేసింది. మరుగుదొడ్డి లేని స్థలంలో కూలి స్త్రీ ఎంత బాధపడుతుందో, పర్యవేక్షణకు వచ్చిన ఆర్కిటెక్టు యువతి కూడ అంత బాధపడుతుంది. ఆమె సైటుకు రావడం తగ్గించగానే “ఆడవారు సైటుకు పనికిరారు” అన్న మాట పుడుతుంది. వసతి లోపం యోగ్యతాలోపంగా మారే విధానమిది. ఝార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణోద్యమంలో స్త్రీలకు తాపీపని నేర్పినప్పుడు, రాజ్‌మిస్త్రీ అన్న పాత మాటకు జతగా రాణీమిస్త్రీ అన్న కొత్త మాట పుట్టింది. నేర్పితే రానిది ఏదీ లేదు.

మూడవది పేరు. అమెరికాలో డెనీస్ స్కాట్ బ్రౌన్, ఆమె భర్త రాబర్ట్ వెంచూరి కలిసి పనిచేసినారు, కలిసి వ్రాసినారు. 1991లో ప్రిట్జ్‌కర్ బహుమానం మాత్రం భర్తకొక్కరికే వచ్చింది. 2013లో విద్యార్థినులు పూనుకొని వేలాది సంతకాలతో విజ్ఞప్తి చేసినా ఆ నిర్ణయం మారలేదు. ఆ బహుమానం మొదటిసారి ఒక స్త్రీకి, జహా హదీద్‌కు, లభించినది 2004లో.

నాలుగవది రక్షణ. పనిచోట స్త్రీలపై వేధింపులను నివారించే 2013 చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత సంఘం ఉండవలెనన్నది. చిన్న కార్యాలయాలవారు జిల్లాలోని స్థానిక సంఘానికి ఫిర్యాదు చేయవచ్చును. ఆర్కిటెక్టుల కార్యాలయాలు చాలవరకు చిన్నవి కనుక ఈ రెండవ మాటను ప్రతి విద్యార్థినీ గుర్తుంచుకొనవలె.

అడిగి కట్టిన కట్టడాలు

వృత్తి మారితే కట్టడం కూడ మారుతుందనడానికి రెండు నిదర్శనాలు చాలును. పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్టు యాస్మీన్ లారీ 1970 దశకంలో లాహోరులోని అంగూరీబాగ్‌లో పేదల ఇళ్లకు రూపకల్పన చేసినారు. అక్కడి స్త్రీలను సంప్రదించగా, మా కోళ్లను ఎక్కడ పెంచుకొనవలెనని వారు అడిగినారట. అందువలన ఆ ఇళ్లకు తెరపి మిద్దెలు వచ్చినవి. భూకంపాలు, వరదల తరువాత ఆమె వెదురు, సున్నం, మట్టితో చౌక ఇళ్లు కట్టించినారు. పొగ తగ్గించే పొయ్యిలను గ్రామీణ స్త్రీలచేతనే చేయించినారు. 2023లో బ్రిటిషు ఆర్కిటెక్టుల సంస్థవారి రాయల్ స్వర్ణపతకం ఆమెకు లభించింది.

లండనులో 1980 ప్రాంతంలో ఏర్పడిన మాట్రిక్స్ అనే మహిళా సహకార సంస్థ తమలో పెద్ద, చిన్న భేదం లేకుండ సమాన వేతనం తీసుకొన్నది. బంగ్లాదేశ్ నుండి వలస వచ్చిన స్త్రీల కొరకు వారు రూపొందించిన “జాగో నారీ” విద్యాకేంద్రం 1987లో పూర్తియైనది. స్త్రీ, మేలుకో అని ఆ పేరుకు అర్థం. ప్లాను చదవడం రాని స్త్రీలతో వీధులు తిరిగి, ఏ ఇటుక నచ్చిందో వారినే ఎంచుకొమ్మన్నారు. జాతివిద్వేషుల దాడుల భయమున్నందున కిటికీలకు రక్షణ కావలసి వచ్చింది. జైలు ఊచలు కాక, తమ దేశపు అందం గల జాలీలను అమర్చినారు. భయాన్ని చెప్పుకొనగలిగినారు కనుకనే అందం కూడ దక్కింది.

మన కర్తవ్యం

మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వచ్చినచోట గిడ్డంగులు, వసతిగృహాలు, కాలనీలు వస్తాయి. వాటిని గీసేవారిలో మన ప్రాంతపు ఆడపిల్లలు ఉంటారా, తట్టలు మోసేవారిలోనే ఉంటారా అన్నది మన ముందున్న ప్రశ్న. విద్యార్థినులు ఆర్కిటెక్చరు ప్రవేశపరీక్షను గూర్చి తెలుసుకొనవలె. విజయవాడలో 2008లో స్థాపించిన జాతీయ విద్యాసంస్థ ఉన్నది, విశాఖపట్టణంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. విద్యార్థులైన సోదరులు ఇంటిపనిలో పాలు పంచుకొనడం కూడ ఈ సంస్కరణలో భాగమే.

కళాశాల పాలకవర్గంవారికి ఒక విన్నపం. ఇకమీదట ఏ గది కట్టించినా, గుత్తేదారుతో ఒప్పందం వ్రాసుకొనేటప్పుడు కూలి స్త్రీలకు మరుగుదొడ్డి, పసిపిల్లలకు నీడ, సమానమైన పనికి సమానమైన కూలి అనే మూడు షరతులు చేర్చవలె. ప్లానును ఆమోదించక ముందు విద్యార్థినులను, అధ్యాపికలను, ఊడ్చి శుభ్రపరచే స్త్రీలను కూర్చోబెట్టి అడగవలె. దీపం ఎక్కడ లేదో, గొళ్లెం ఎక్కడ సరిగా పడదో వారే చెప్పగలరు. ఇందుకు ఖర్చు స్వల్పం, ఫలం అధికం. ఇల్లు దిద్దిన చేతికి ఇల్లు గీసే అధికారం కూడ ఇచ్చిననాడే మన గూడు నిజంగా అందరి గూడు అవుతుంది.