మొదటి ఎయిర్‌బ్రష్ కొంటున్నారా? ముందు కంప్రెసర్ సంగతి చూడండి

మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులకు, అగ్గిపెట్టెంత యుద్ధ ట్యాంకులకు రంగులు వేయడం వాడి సరదా. పోయిన పండక్కి వచ్చిన ఈదీ అంతా దాచుకుని, "భాయ్, ఎయిర్‌బ్రష్ కొనుక్కుంటా" అన్నాడు. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించిన సెట్టు ఒకటి నేనే ఆర్డర్ పెట్టాను. పెన్నులాంటి బ్రష్, దాని కిందే బిగించిన చిన్న బ్యాటరీ కంప్రెసర్. నెల తిరక్కుండానే అది మూల పడింది. రంగు మంచులా పడాల్సింది చుక్కలు చుక్కలుగా చిందేది. గాలి తగ్గించే వీలు లేదు. బీకాం చదివి కూడా లెక్క ఎక్కడ తప్పానో తర్వాత గానీ తెలియలేదు. మీ ఇంట్లో పిల్లలు అడిగితే ఆ తప్పు జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

అసలు ఇది అవసరమా?

కళ్లు, గుండీలు, బెల్టు బకిల్ లాంటివి ఎయిర్‌బ్రష్‌తో వేయడం కష్టం. వాటికి మామూలు సన్న బ్రష్షే కావాలి. ఎయిర్‌బ్రష్ పని వేరు. మొదటి పూత (ప్రైమర్) పలచగా, సమంగా పడుతుంది. బొమ్మ మొత్తం నలుపు కొట్టి, పైనుంచి మాత్రమే తెలుపు కొడితే వెలుగునీడలు వాటంతటవే తేలతాయి. ట్యాంకులు, విమానాల మీద గీతలు పడకుండా రంగు వస్తుంది. ఏడాదికి నాలుగైదు బొమ్మలు వేసేవాళ్లకు ఇది దండగ ఖర్చు. నెలనెలా వేసేవాళ్లకైతే పనికొస్తుంది.

బ్రష్‌లో చూడాల్సినవి

సింగిల్ యాక్షన్ బ్రష్‌లో మీట నొక్కితే గాలి, రంగు కలిసే వస్తాయి. డబుల్ యాక్షన్‌లో మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదట్లో చెయ్యి తిరగదు గానీ, చిన్న బొమ్మలకు ఇదే తీసుకోవాలి. రంగు గిన్నె పైన ఉండే గ్రావిటీ ఫీడ్ రకం మంచిది. తక్కువ ఒత్తిడికే రంగు దిగుతుంది, నాలుగు చుక్కలతో పని అవుతుంది.

నాజిల్ సైజు 0.3 లేదా 0.4 మి.మీ. చాలు. 0.2 అయితే సన్న గీత వస్తుందని మోజు పడతారు, కానీ మన ఎండలకు రంగు మొన దగ్గరే ఎండిపోయి ఊరికే మూసుకుపోతుంది. బేరం కుదిరే ముందు ఒక్క మాట అడగండి: సూది, నాజిల్ విడిగా దొరుకుతాయా? సూది ఒక్కసారి కింద పడితే వంగిపోతుంది. విడిభాగాలు దొరక్కపోతే బ్రష్ మొత్తం పోయినట్టే.

కంప్రెసరే అసలు పెట్టుబడి

బ్రష్ రేపు మార్చుకోవచ్చు. మంచి కంప్రెసర్ ఏళ్లపాటు ఉంటుంది. అందులో మూడు తప్పకుండా ఉండాలి.

ఒకటి, ట్యాంకు. పిస్టన్ గాలిని దఫాలు దఫాలుగా తోస్తుంది. ట్యాంకు లేకపోతే ఆ కుదుపు రంగులో కనబడుతుంది. 3 లీటర్ల ట్యాంకు ఈ పనికి సరిపోతుంది. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే రకమైతే చప్పుడూ తక్కువ, వేడీ తక్కువ.

రెండు, రెగ్యులేటరు. చిన్న బొమ్మలకు 15 నుంచి 25 పీఎస్ఐ ఒత్తిడి చాలు. అది తగ్గించి పెంచే మర, చూపించే మీటరు లేకపోతే మాలాగే ఇబ్బంది పడతారు.

మూడు, నీటిని ఆపే మాయిశ్చర్ ట్రాప్. గాలిని నొక్కితే అందులోని తేమ నీరవుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా ఇది లేకపోతే బొమ్మ మీద నీటిచుక్క పడుతుంది. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర విప్పి నీళ్లు వదిలేయాలి, లేదంటే లోపల తుప్పు పడుతుంది.

కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 1/6 హార్స్‌పవర్ మోటారు అంటే సుమారు 125 వాట్లు. ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగితే దాదాపు ఒక యూనిట్. విదేశాల నుంచి బంధువులు తెస్తుంటే మాత్రం అది 110 వోల్టులదా, మన 230 వోల్టులకు పనిచేసేదా చూసుకోవాలి. గొట్టం మర బ్రష్ మరకు సరిపోతుందో లేదో కూడా అడగాలి.

ఊపిరి సంగతి మరవద్దు

మా అమ్మీకి ఆయాసం ఉంది. అందుకే ఇది గట్టిగా చెబుతున్నా. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగుకు పెద్దగా వాసన ఉండదు, కానీ ఆ సన్నటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డ మాస్క్ చాలదు, ఎన్95 కావాలి. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, చిన్నపిల్లలు లేని గదిలో పని చేయాలి. థిన్నర్‌తో కలిపే రంగులు ఇంట్లో వద్దే వద్దు. వాటి ఆవిరిని ఎన్95 ఆపదు, పైగా నిప్పు అంటుకునే ప్రమాదం.

లెక్క ఎలా వేసుకోవాలి

ధరలు మారుతుంటాయి కాబట్టి నిష్పత్తి చెబుతాను. చేతిలో 100 రూపాయలు ఉంటే 55 కంప్రెసర్‌కు, 25 బ్రష్‌కు, మిగతా 20 మాస్కులు, ప్రైమర్, శుభ్రం చేసే ద్రావణానికి. ఈ చివరి 20 మరిచిపోయేవాళ్లే ఎక్కువ. రంగు మార్చిన ప్రతిసారీ కడగకపోతే ఎంత ఖరీదైన బ్రష్ అయినా పట్టేస్తుంది.

కొన్నాక మొదటి వారం బొమ్మల జోలికి పోవద్దు. రంగును పాలలా పలచన చేసి పాత పేపరు మీద చుక్కలు, గీతలు వేయించండి. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి.

తమ్ముడు ఇప్పుడు మళ్లీ డబ్బు కూడబెడుతున్నాడు. తప్పు నాది కాబట్టి ఈసారి కంప్రెసర్‌లో సగం నా వాటా.