ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ల లెక్క

మాచర్ల, గురజాల, నరసరావుపేట, ఎటు పోయినా ప్రతి ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది. గుయ్యిమని చప్పుడు చేస్తుంది. పక్కన పుర్రె బొమ్మ, "అపాయం" అన్న బోర్డు ఉంటాయి. ఆ బోర్డు ఇప్పుడు మీరే చదవగలరు. 11000 వోల్టులు అని ఉంటుంది. మరి మన ఇంటి బల్బుకు వచ్చేది 230 వోల్టులే. మధ్యలో ఏం జరిగింది?

వోల్టేజి అంటే కరెంటును తోసే జోరు. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పడితే అంత జోరు కదా, అలాగే. తీగలో ఎంత కరెంటు పారుతోందో చెప్పే లెక్క ఆంపియర్లు.

ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలో నూనె ఉంటుంది. నూనెలో ఇనుప రేకుల దొంతర ఉంటుంది. దాని చుట్టూ తీగ చుట్టి ఉంటుంది. పై లైను వైపు సన్న తీగ, చుట్లు ఎక్కువ. ఊరి వైపు లావు తీగ, చుట్లు తక్కువ. ఈ రెండు తీగలూ ఒకదానికొకటి తగలవు! సన్న తీగలో కరెంటు పారితే ఇనుము అయస్కాంతం అవుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాంతో అయస్కాంతమూ ఊగుతుంది. ఆ ఊపుకే లావు తీగలో కరెంటు పుడుతుంది.

ఈ కిటుకు 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. బడిలో చదివింది కొంచెమే. పుస్తకాలు కుట్టే అంగట్లో పనిచేస్తూ, ఆ పుస్తకాలే చదివి పెద్దవాడయ్యాడు.

ఇక చుట్ల లెక్క. పైన 44 చుట్లుంటే కింద 1 చుట్టు. అందుకే 11000 వోల్టులు 250 అవుతాయి. దారిలో కొంత పోయి, ఇంటికి 230, 240 వస్తాయి. జోరు 44 రెట్లు తగ్గితే పారకం 44 రెట్లు పెరుగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను నిండా వాడితే పై చుట్టలో 3 ఆంపియర్లే. కింది చుట్టలో 133. లావు తీగ అందుకే.

మరి 250 వోల్టులే దూరం నుంచి పంపకూడదా? తీగ కరెంటుకు అడ్డుపడుతుంది, వేడెక్కుతుంది. పారకం 44 రెట్లయితే వేడికి పోయే కరెంటు 44 రెట్లు కాదు, 44 సార్లు 44. అంటే 1936 రెట్లు! సాగర్ కుడి కాలువ మీద తయారైన కరెంటు మన ఊరు చేరేలోపే తీగల్లో కాలిపోతుంది. అడ్డును ఇంజనీర్లు ఇంపిడెన్స్ అంటారు. ఊళ్ళో మోటార్ల అడ్డు పై లైనుకు 1936 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దాని ముందు తీగ అడ్డు చాలా చిన్నది.

మిరపకు తడి పెట్టే రోజుల్లో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తారు. కింది తీగల్లో పారకం పెరుగుతుంది. చివరి ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది. ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోవడమే దాని పని. కొందరు లావు తీగ కట్టేస్తారు. అది కరగదు. లోపలి చుట్లు కాలిపోతాయి. అప్పుడు తోట ఎండుతుంది. ఫ్యూజు మనం ముట్టుకోవద్దు. 1912కు ఫోన్ చేయాలి, లేదా లైన్‌మన్‌ను పిలవాలి.

ఇంకొక సంగతి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. లైను ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కాడనుకోండి. ఊళ్ళో పెళ్ళి ఇల్లు. కరెంటు లేదని జనరేటర్ తెచ్చి, మెయిన్ ఆపకుండా ఇంటి వైరుకు కలిపారు. ఆ కరెంటు ఇంట్లో ఆగదు. వీధి తీగ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. అక్కడ 44 రెట్లు పెరుగుతుంది. 230 కాస్తా 10000 దాకా కావచ్చు. పైన ఉన్న మనిషి బతకడు. అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. అందుకే జనరేటర్ కలిపే ముందు ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ పెట్టించాలి. దాన్ని జనరేటర్ వైపు తిప్పితే ఇంటికీ వీధి తీగకూ సంబంధం తెగిపోతుంది.