హరిత విద్యాలయం – ఉద్యోగి పాత్ర

నంద్యాల జిల్లా పాములపాడు మండలంలోని బనకచెర్ల వద్ద ఒక పెద్ద రెగ్యులేటరు ఉన్నది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా వచ్చిన కృష్ణా జలాలు ఇక్కడ తెలుగుగంగకు, శ్రీశైలం కుడిగట్టు కాలువకు, కుందూ వైపునకు చీలిపోతాయి. తలుపులు ఎంత దృఢమైనవైనా, వాటిని ఎప్పుడు, ఎంతమేరకు ఎత్తవలెనో ఎరిగిన మనిషి లేనిదే నీరు చేరవలసిన చోటికి చేరదు. విశ్వవిద్యాలయాలలో పర్యావరణ రక్షణకు కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఈ ఆలోచనకు నిర్వహణ శాస్త్రంలో ‘హరిత మానవ వనరుల నిర్వహణ’ అని పేరు. 2013లో రెన్విక్, రెడ్‌మన్, మాగ్వైర్ అను పరిశోధకులు దీనిని సామర్థ్యం, ప్రేరణ, అవకాశం అను మూడు అంశాల క్రింద సమీక్షించారు. అనగా తగినవారిని ఎన్నుకొని శిక్షణ ఇవ్వడం, వారి కృషిని గుర్తించి ప్రతిఫలం కల్పించడం, నిర్ణయాలలో వారికి పాలు ఇవ్వడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ నిష్ఫలమవుతాయి.

మన దేశంలో ఈ విషయమై జరిగిన కృషి ఎక్కువగా విద్యార్థిని ఉద్దేశించినదే. పర్యావరణ విద్యను నిర్బంధం చేయవలెనని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులకు ఆరు నెలల పాఠ్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. తరువాత న్యాక్ మదింపులో హరిత తనిఖీకి కూడ స్థానం లభించింది. కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం, 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటివి ఈ వాతావరణంలో పుట్టినవే.

అయితే విద్యార్థి మూడేండ్లు చదివి వెళ్ళిపోతాడు. మోటారు ఆపవలసిన ఎలక్ట్రీషియను, హాస్టలు వంటమనిషి, ప్రయోగశాల సహాయకుడు, తోటమాలి మాత్రం అక్కడే ఉంటారు. పాఠం ఒకరికి, కుళాయి మరొకరి చేతిలో! పైగా వీరిలో పలువురు ఒప్పంద పద్ధతిపై పనిచేసేవారు. ఈ ఏడు శిక్షణ పొందినవాడు వచ్చే ఏడు ఉంటాడన్న భరోసా లేనప్పుడు, నేర్చిన విద్య అతనితోనే వెళ్ళిపోతుంది.

కాబట్టి హరిత తనిఖీ నాటిన మొక్కలను లెక్కించడంతో ముగియరాదు. వాటికి నీరు పోసే మనిషికి శిక్షణ దొరికిందా, అతని మాట ఎవరైనా విన్నారా, అతని ఉద్యోగం నిలిచిందా అని కూడ విచారించవలెను. నీటి విలువను కరవుల ద్వారా ఎరిగిన రాయలసీమలో ఈ విచారణ మరింత అవసరం.