ఊళ్లో ఫోన్.. సింగపూర్‌లో రిపేరు!

జురాంగ్ వెస్ట్: ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే మన ఊళ్లో ఏడు గంటలు. తువాస్‌లోనో, జురాంగ్ పారిశ్రామికవాడలోనో డ్యూటీ దిగి, వంట ముగించుకుని, మంచమెక్కి ఇంటికి ఫోన్ చేసే వేళ. క్షేమ సమాచారాలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాతే అసలు కష్టాలు! ‘ఫోన్లో జాగా లేదంటోందిరా..’ ‘గ్యాస్ బుక్ చేద్దామంటే ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది..’ అవతల అమ్మ, ఇవతల కొడుకు. ‘కింద పచ్చ బొత్తాం నొక్కమ్మా’ అంటే, ‘ఏ పచ్చరా, రెండున్నాయి!’ అని జవాబు. అరగంటైనా పని తెమలదు.

ఇంత అవస్థ అక్కర్లేదు. అక్కడి తెరను ఇక్కడ కూర్చునే చూడొచ్చు, కావాలంటే నడపొచ్చు. కాకపోతే ఈ రెంటికీ తేడా తెలిసి ఉండాలి.

చూడటం వేరు.. నడపటం వేరు

వాట్సాప్ వీడియో కాల్‌లో తెరను చూపించే సదుపాయం 2023 ఆగస్టు నుంచి ఉంది. కాల్ నడుస్తుండగా అమ్మ ‘షేర్ స్క్రీన్’ నొక్కితే ఆమె ఫోన్ తెర మీ ఫోన్లో కనిపిస్తుంది. మీరు చూసి చెబుతారు, నొక్కేది ఆమే. పెద్దవాళ్ల ఫోన్‌కు ఇది చాలు. ఒక్క జాగ్రత్త.. అప్పుడు వచ్చే మెసేజీలు కూడా అవతలివాళ్లకు కనిపిస్తాయి. పని అవ్వగానే షేరింగ్ ఆపించండి.

టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివి ఇంకో మెట్టు పైవి. అక్కడి తెర మీద కనిపించే నంబర్ ఇక్కడ కొట్టి, అక్కడివాళ్లు సరేనంటే కంప్యూటర్ మీ చేతిలోకి వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా చాలావరకు అంతే. ఐఫోన్‌లో మాత్రం ఈ యాప్‌లతో తెర చూడగలమే తప్ప నడపలేం. తమ్ముడి విండోస్ ల్యాప్‌టాప్ బాగుచేయాలంటే కొత్తగా ఏదీ వెతకక్కర్లేదు, ‘క్విక్ అసిస్ట్’ అందులోనే ఉంది. ఎవరూ లేనప్పుడు కూడా ఇంటి కంప్యూటర్‌లోకి వెళ్లాలంటే ‘క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్’ పెట్టుకోవచ్చు. దానికి కనీసం 6 అంకెల పిన్ ఉండాలి. కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. కరెంటు పోయిందా, మీ పనీ ఆగినట్టే!

దొంగకూ ఇదే దారి

ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న మోసాలపై రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. తప్పు యాప్‌ది కాదు. బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేస్తాడు. ‘కేవైసీ అయిపోయింది’ అనో, ‘రాత్రికి కరెంటు కట్ చేస్తాం’ అనో బెదరగొడతాడు. యాప్ వేయించి, తెర మీది నంబర్ చదివించుకుంటాడు. అంతే.. ఇంటి తాళంచెవి వాడి చేతికి ఇచ్చినట్టే! ఈమధ్య పెళ్లి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు కూడా పంపుతున్నారు. శుభలేఖ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ యాప్‌గా రాదు సుమా!

సింగపూర్ కదా, మనకేం అనుకోవద్దు. 2024లో ఇక్కడ మోసాల్లో పోయిన సొమ్ము 110 కోట్ల డాలర్లకు పైనే. బయటినుంచి దించుకున్న ప్రమాదకర యాప్‌లను ఆపే ఏర్పాటును గూగుల్ 2024 ఫిబ్రవరిలో మొదట ప్రయత్నించి చూసింది ఈ దేశంలోనే.

మనమే అలవాటు చేస్తున్నామా?

చాలామంది ఇండియా సిమ్‌ను నాన్న ఫోన్లో వేసి వస్తారు. డబ్బు పంపాలన్నప్పుడల్లా ‘నాన్నా, ఓటీపీ వచ్చింది చూడు, చెప్పు’ అంటాం. ఆయన చదువుతాడు. నెలకు నాలుగుసార్లు అలా చదివిన మనిషి, ఐదోసారి ‘బ్యాంకు నుంచి సార్’ అన్నవాడికీ చదివేస్తాడు. ఆయన్ను ఏమనగలం? నేర్పింది మనమే కదా! ఎన్ఆర్ఈ ఖాతాకు సింగపూర్ నంబరే పెట్టుకోవటానికి చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. మీ బ్యాంకులో అడగండి. అప్పుడు ఓటీపీ నేరుగా మీకే వస్తుంది, ఆ అలవాటూ పోతుంది.

ఇంట్లోవాళ్లకు ఒకే ఒక్క మాట చెప్పండి: ‘మనం పిలిస్తే వచ్చేది సాయం, పిలవకుండా వచ్చేది మోసం.’ చివరికి మీ పేరు చెప్పి ఎవరైనా కొత్త నంబర్ నుంచి చేసినా, పెట్టేసి మీ పాత నంబర్‌కు తిరిగి చేయమనండి. ఇంకోటి.. డబ్బు రావటానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నట్టే.

కెమెరా పెట్టారా?

అమ్మానాన్నల కోసం ఇంట్లో కెమెరా పెట్టించినవాళ్లు దాంతో వచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి. బిగించిన కుర్రాడికి తెలిసిన పాస్‌వర్డ్ వద్దు. వరండాలో, గేటు దగ్గర పెట్టండి, పడకగదిలో వద్దు. కెమెరాతో పాటు రౌటర్‌ను కూడా ఇన్వర్టర్‌కు కలిపిస్తేనే కరెంటు పోయినప్పుడు పనిచేస్తుంది.

మోసం జరిగితే..

ముందు ఆ ఫోన్‌కు వైఫై, డేటా రెండూ ఆపేయాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. ఊళ్లో అయితే ఇంట్లోవాళ్లు వెంటనే 1930కి చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇక్కడ మీకే అనుమానం వస్తే 1799కి చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. పాస్‌వర్డ్‌లు మార్చేది కూడా వేరే ఫోన్ నుంచే.

అన్నిటికన్నా ముఖ్యం.. పోయిందని తెలిసినప్పుడు పెద్దవాళ్ల మీద అరవకండి. కొడుకు తిడతాడేమోనని దాచిపెట్టే ఆ గంటలోనే మిగతా డబ్బూ పోతుంది. ‘ఏం జరిగినా ముందు నాకే చెప్పు నాన్నా’ అని ఈ రోజే ఒక మాట చెప్పి ఉంచండి.